నలభై సెంట్ల తోట గురించి నాన్నకి

ఇర్వింగ్, టెక్సాస్

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ పంపిన గోంగూర పచ్చడి అప్పుడే సగం సీసాకి వచ్చింది. మిగిలింది మీ కోడలు దాచేసింది.

నూజివీడు వైపు 40 సెంట్ల మామిడి తోట నా పేరు మీద కొందామన్నారు. అది కుదరదు నాన్నా. నేను ఎన్నారైని. విదేశీ మారక ద్రవ్యం మీద ఉన్న ఫెమా చట్టం ప్రకారం పొలం, తోట, ఫామ్‌హౌస్ మేం కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, ఇళ్ల స్థలమైతే కొనుక్కోవచ్చు. "జీపీఏ, అంటే మన తరఫున ఇంకొకరికి అధికారమిచ్చే పత్రం, దాని మీద నడిపిద్దాం" అన్నాడంటే ఆ మధ్యవర్తికి తన కమీషన్ తప్ప ఇంకేం పట్టలేదన్నమాట.

ఇక డబ్బు సంగతి. "తుళ్ళూరు ప్లాటు రెట్టింపైంది కదరా" అంటున్నారు. 2016లో గజం 12,000 పెట్టాం, ఇప్పుడు 24,000 అంటున్నారు. కానీ దానికి పదేళ్లు పట్టింది. రెట్టింపు కావడానికి పట్టిన ఏళ్లతో 72ని భాగిస్తే ఏడాది రాబడి శాతం సుమారుగా తెలుస్తుంది. 72ని పదితో భాగించి చూడండి, ఏడాదికి ఏడు శాతం పైచిలుకు. బ్యాంకు డిపాజిట్టుకి అటూ ఇటూ. పైగా ఆ 24,000 బేరగాడి నోట్లో ఉంది, మన చేతిలో లేదు.

2019 డిసెంబరులో అమరావతి ఒక్కటే కాదు, మూడు రాజధానులన్నాక తుళ్ళూరు వైపు ఏమైందో గుర్తుందిగా. 2021లో చెల్లి పెళ్లికి అమ్ముదామంటే అడిగిన నాథుడు లేడు. అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మ చేతులు కొంగు కింద దాచుకునే మాట్లాడింది. ఆ వడ్డీ మీ లెక్కలో ఎక్కడా లేదు.

ఇక్కడ మా ఇంటికి ఏటా దాని విలువలో రెండు శాతం దాకా పన్నే కడుతున్నాను. అందుకే ఇక్కడివాళ్లు పెట్టుబడికని ఇల్లు చూస్తే ముందు అద్దె ఎంతొస్తుందని అడుగుతారు. మన ఖాళీ స్థలానికి అంత పన్ను లేదు కాబట్టి, ఊరికే పడున్నా నష్టం లేదనుకుంటాం.

నా మాట వింటే ఆ డబ్బుతో తెనాలి ఇంటి మీద రెండు గదుల వాటా వేయించండి. అద్దె నెలనెలా అమ్మ చేతికే వస్తుంది. రాత్రిళ్లు పైన మనుషుల అలికిడి ఉంటే నాకూ ధైర్యం.

తుళ్ళూరుది ఇప్పుడే అమ్మొద్దు. ఒకసారి రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (స్థలం మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీయించి, స్థలం చూసి రండి. పోయినసారి ఈశాన్యం మూల హద్దు రాయి సర్కారు తుమ్మలో కనపడలేదు. ఉంటే ఫోటో తీసి పెట్టండి.

మీ అబ్బాయి