సైకిల్ మీద వచ్చే పిల్లలు, గేట్ ముందర మన బండ్లు

పేరెంట్స్ అందరికీ నమస్తే,

యూనిట్ టెస్ట్ డేట్లు, ఫీజు వివరాలు వెనక పేజీలో ఉన్నయి, అవి తర్వాత చూసుకోండి, ముందు ఇది జర చదవండి.

పోయిన వారం లాంగ్ బెల్ కొట్టినంక, గేట్‌కి కొంచెం అవతల ఆగిన కారు డోర్ ఒక్కసారి తెరుచుకుంది, పక్కనుంచి సైకిల్ మీద పోతున్న ఏడో క్లాస్ బాబుకి తగిలి కింద పడ్డడు. మోచెయ్యి గీరుకుపోయింది, దేవుడి దయ వల్ల అంతే. చుట్టూ ఉన్నోళ్లందరూ అన్నది ఒకటే మాట, "మెల్లగనే తగిలింది కదా, ఏం కాలే". ఈ మాటతోనే నాకు పేచీ.

డోర్ తగలడం ఒక ఎత్తు, దాన్ని తప్పించుకోబోయి పిల్లలు హ్యాండిల్ కుడికి తిప్పి వెనకొచ్చే ఆటో ముందర పడడం ఇంకో ఎత్తు. డ్రైవర్ సీట్లో ఉన్నోళ్లు డోర్‌ని ఎడమ చేత్తో తెరవండి, ఎడమ పక్కన కూర్చున్నోళ్లు కుడి చేత్తో, అట్ల చేస్తే ఒళ్లు దానంతటదే తిరిగి చూపు వెనక్కి పోతది. నెదర్లాండ్స్‌లో ఇది మామూలు అలవాటు, మనకి మాత్రం కారు ఇంకా ఆగకముందే డోర్ తెరవడం అలవాటు!

ఇంతకన్నా నాకు భయం వేసేది హబ్సిగూడ చౌరస్తా నుంచి నాచారం ఇండస్ట్రియల్ ఏరియా దాకా తిరిగే లారీలు, బస్సులు, వాటర్ ట్యాంకర్లు. పెద్ద బండి ఎడమకి తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు, మూలని కోసుకుంటూ లోపలికి వస్తయి. డ్రైవర్ కూర్చునేది కుడివైపు, ఎడమ పక్కన బండికి ఆనుకుని ఉన్న సైకిల్ ఆయనకి కనబడదు. సిగ్నల్ దగ్గర ఆ సందు ఖాళీగా కనబడితే పిల్లలు దూరిపోతరు. ఇక్కడ స్పీడ్‌తో పనే లేదు, మనిషి నడిచేంత మెల్లగా తిరిగినా ప్రాణం మీదికి వస్తది. బస్సు వెనకే ఆగమని మీ పిల్లలకి ఇంట్లో చెప్పండి, మేం అసెంబ్లీలో చెప్తం కానీ అమ్మానాన్న చెప్తే వేరే.

ఇంకోటి, చాలామందికి తెలీనిది. గుద్దుకున్నప్పుడు హ్యాండిల్ మెలి తిరిగి దాని కొస కడుపులో పొడుచుకుంటది. పైకి చూస్తే రూపాయి బిళ్లంత మచ్చ, లోపల మాత్రం ప్లీహమో (స్ప్లీన్) లివరో చిట్లి మెల్లగా రక్తం కారుతుండొచ్చు, కొన్ని గంటల దాకా బయటపడకపోవచ్చు కూడా. కడుపు నొప్పి, వాంతులు, మొహం పాలిపోవడం, ఎడమ భుజం నొప్పి అంటే స్కూల్ ఎగ్గొట్టడానికి నాటకం అనుకోకండి, స్కానింగ్ ఉన్న హాస్పిటల్‌కి తీసుకుపోండి. తలకి దెబ్బ తగిలినంక మళ్లీ మళ్లీ వాంతులైనా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా అంతే. మెడ నొప్పి అన్నా, లేవలేకపోయినా ఎత్తి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి, 108కి ఫోన్ చెయ్యండి. పోలీస్ కేసులో ఇరుక్కుంటమని దూరంగా నిలబడేటోళ్లు ఇంకా ఉన్నరు, 2019లో మోటార్ వెహికల్స్ యాక్ట్‌లో సాయం చేసినోళ్లని కాపాడేటందుకు 134ఏ సెక్షన్ వచ్చింది, వాళ్లు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు.

హెల్మెట్ కనుబొమ్మల మీద రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి, గడ్డం కింద పట్టీ పెట్టకపోతే పడేటప్పుడు ముందు అదే ఎగిరిపోతది. ఒక్కసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పారెయ్యండి, లోపల థర్మోకోల్ నలిగిపోయి ఉంటది.

సైకిల్ డేంజర్ అని మానిపించి తొమ్మిదో క్లాస్ వాళ్లకి స్కూటీ ఇస్తున్న ఒకరిద్దరు పేరెంట్స్‌కి కూడా చెప్పాలి. లైసెన్స్ లేని పిల్లలు బండి నడిపితే, ప్రమాదం జరగకపోయినా, అదే యాక్ట్ 199ఏ సెక్షన్ కింద 25,000 రూపాయల ఫైన్, మూడేళ్ల దాకా జైలు ఉన్నది మీకు, వాళ్లకి కాదు. స్కూటీలు మాత్రం క్యాంపస్‌లోకి రానియ్యం.

సోమవారం నుంచి సైకిల్ పిల్లల్ని పది నిమిషాలు ముందు వెనక గేట్ నుంచి పంపిస్తం. కార్లు, ఆటోలు ఆ గల్లీలోకి రావద్దు, మెయిన్ గేట్ దాటి గోడ పక్కన ఆగండి, వాన పడినా సరే. శనివారం పొద్దున గ్రౌండ్‌లో మెకానిక్ ఉంటడు, బ్రేకులు, బెల్లు, వెనక రిఫ్లెక్టర్ చెక్ చేయిస్తం, సైకిల్ పంపించండి. హెల్మెట్ కొనడం కష్టమైన వాళ్లు ఆఫీస్‌లో నాకు ఒక్క మాట చెప్పండి చాలు, ఫారాలు ఏం నింపక్కర్లేదు.

మీ హెడ్ మేడమ్