నెబ్యులైజర్‌లో పోసేది నూనె కాదు

సంపాదకులకు,

మూడు వారాల కిందటి ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ‘ఊపిరితిత్తుల వాపునకు నానో తైలం’ అన్న కథనం వేశారు. నూనెలను నానో, అంటే అతి సూక్ష్మమైన, గుళికల్లో బంధించి పీల్పిస్తే ఆ వాపు తగ్గుతుందన్నది దాని సారాంశం. అందరూ చదివే ఉంటారు. మా వీధిలో ఒకరు దాన్ని ఆచరణలో కూడా పెట్టారు. అందుకే ఆలస్యమైనా రాయక తప్పడం లేదు.

మా పక్కింటి పెద్దాయనకు ఎనిమిదేళ్లుగా ఆయాసం. ద్రవ మందును తుంపరగా మార్చి పీల్పించే నెబ్యులైజర్ ఇంట్లోనే ఉంది. ఆయన కొడుకు మీ కథనం కత్తిరించి దాచుకుని, బజారులో ‘నానో’ అని ముద్రించిన నీలగిరి తైలం సీసా కొని, సెలైన్‌లో ఐదు చుక్కలు కలిపి తండ్రికి పట్టించాడు. పావుగంటలో దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, పెదవులు నల్లబడ్డాయి. రాత్రి పదకొండు గంటలకు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికి వచ్చారు. ఆ అబ్బాయి చదువుకున్నవాడు. పత్రికలో పడిందంటే నిజమేనని నమ్మే ఇంట్లో పెరిగినవాడు. ఆ నమ్మకాన్ని మీరు కాపాడలేదన్నదే నా బాధ.

పరిశోధనను నేను తప్పుపట్టడం లేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు రసాయనశాస్త్రం చెప్పాను. వాము, లవంగం, తులసి, నీలగిరి నూనెల మీద ప్రయోగశాలలు ఇంత శ్రద్ధ పెట్టడం నాకు సంతోషమే. ఈ నూనెలు గాలి తగిలితే ఆవిరవుతాయి, వెలుతురు తగిలితే పాడవుతాయి, నీటిలో కలవవు. అందుకని కొవ్వు పొరతో చేసిన, వంద, రెండు వందల నానోమీటర్ల గుళికల్లో బంధిస్తారు. వెంట్రుక మందాన్ని కొన్ని వందల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగమంత. ఆ గుళికలున్న ద్రవాన్ని 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) తుంపరగా మారిస్తేనే ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. ఎంత నూనె, ఎంతసేపట్లో విడుదల కావాలన్నది మరో లెక్క. ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో బ్యాక్టీరియా విషంతో ఎలుకల ఊపిరితిత్తుల్లో వాపు పుట్టించి, అది ఎంత తగ్గిందో కొలుస్తారు. మీ కథనంలో ‘ఎలుక’ అన్న మాట చివరి పేరాలో ఒక్కసారి వచ్చింది. బొమ్మ మాత్రం ఇళ్లలో వాడే నెబ్యులైజర్‌ది వేశారు!

విడి నూనె పీలిస్తే ఏమవుతుందో మీ విలేఖరి ఒక్క వైద్యుణ్ని అడిగినా తెలిసేది. ఘాటు నూనెకు శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. మామూలు నూనె లోపలికి పోతే అక్కడి రక్షక కణాలు దాన్ని మింగుతాయి గానీ జీర్ణించుకోలేవు. ఆ జబ్బు పేరు లైపాయిడ్ న్యుమోనియా, 1925 నుంచీ వైద్యులకు తెలుసు. పసిబిడ్డల ముక్కులో నూనె చుక్కలు వేయవద్దని పిల్లల డాక్టర్లు మొత్తుకునేది ఇందుకే. అమెరికాలో 2019లో ఈ-సిగరెట్లు పీల్చినవారికి వచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. దానికి ముఖ్య కారణంగా తేలినది విటమిన్ ఇ అసిటేట్ అనే జిడ్డు పదార్థం. చర్మానికి రాసుకునే క్రీముల్లో ఉండేదే అది. ఒంటికి పడినదల్లా ఊపిరితిత్తులకు పడదు.

నీలగిరి తైలంలోని ముఖ్య పదార్థమైన సినియోల్‌తో జర్మనీలో చేసిన పరీక్ష ఒకటి 2003లో అచ్చయింది. స్టెరాయిడ్ మాత్రలు వాడక తప్పని 32 మంది ఆస్తమా రోగుల్లో, సినియోల్ తీసుకున్నవారికి స్టెరాయిడ్ మోతాదు 36 శాతం తగ్గించగలిగారు. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారికి 7 శాతమే. మంచి ఫలితమే. కానీ అది శుద్ధి చేసిన మందు, 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు మింగినది. నెబ్యులైజర్‌లో పోసినది కాదు.

ఇక అధికారుల సంగతి. ఆ సీసా మీద కణాల పరిమాణం లేదు, లైసెన్సు సంఖ్య లేదు, పీల్చరాదన్న హెచ్చరిక లేదు. పట్టుకుని ఒక కార్యాలయానికి వెళితే ఇది తమ పరిధి కాదన్నారు. రెండో కార్యాలయంలో సెక్షన్ గుమాస్తా సెలవులో ఉన్నాడని పంపేశారు. నానో ఔషధాల మదింపునకు కేంద్రం 2019 అక్టోబరులోనే మార్గదర్శకాలు విడుదల చేసింది. అంగట్లో ‘నానో’ అని ఎవరు ఏది ముద్రించినా అడిగే దిక్కు లేకపోతే అవి ఎవరి కోసం? ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల ప్రకటనలకు ముందస్తు అనుమతి ఉండాలన్న, ఔషధ నిబంధనల్లోని 170వ నిబంధన 2018లో వచ్చింది. దాన్ని తొలగిస్తూ 2024 జూలైలో కేంద్రమే నోటిఫికేషన్ ఇచ్చింది. ఉన్న కంచెను కూడా పీకేస్తే రోగి ఎవరికి చెప్పుకోవాలి?

2021లో కర్పూరం, వాము, లవంగాల మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని ఫోన్లలో తిరిగినప్పుడు, నమ్మవద్దని రాసి పత్రికలు మేలు చేశాయి. ఈసారి ఆ పొరపాటు పత్రికలోనే జరిగింది. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి: ఇది ఎలుకల మీద జరిగిన ప్రయోగమనీ, నెబ్యులైజర్‌లో ఏ నూనే పోయకూడదనీ. సీసాలో ఇంకా ముప్పావు వంతు తైలం ఉంది. మూత బిగించి నా దగ్గరే ఉంచాను. పరీక్షకు ఏ కార్యాలయం తీసుకుంటుందో మీరు కనుక్కుని రాస్తే, నేనే తీసుకెళ్లి ఇస్తాను.

– విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి