కాల్వకు కంపెనీ సైజుతో పనేంటి? పర్యావరణ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

కాలుష్యం మాటెత్తితే అందరి వేలూ పెద్ద ఫ్యాక్టరీ వైపే చూపిస్తుంది. విజయవాడలో ఆటోనగర్ పక్కన ఉండే మాకు అది సగం నిజమే అనిపిస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక లెక్క చూడండి. వాడిన నీటిని కాల్వలోకి వదలాలంటే బీఓడీ, అంటే నీటిలోని మురికిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి కావలసిన ఆక్సిజన్, మామూలుగా లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. రోజుకు 10 లక్షల లీటర్లు వదిలే కంపెనీ సరిగ్గా ఆ హద్దులో ఉందనుకుందాం, కాల్వ మీద పడే భారం 30 కిలోలు. పది వేల లీటర్లే వదిలే చిన్న యూనిట్ శుద్ధి అన్నదే లేకుండా లీటరుకు 3,000 మిల్లీగ్రాముల బీఓడీ ఉన్న నీళ్లు పారబోస్తే అదీ 30 కిలోలే. నీళ్లు నూరోవంతు, భారం సమానం! ఇక క్రోమ్ ప్లేటింగ్ షాపు వదిలే క్రోమియం, వాటర్ సర్వీసింగ్‌లో కొట్టుకుపోయే ఇంజిన్ ఆయిల్ సంగతి ఈ బీఓడీ ఒక్కటి చూస్తే తెలియదు.

అలాగని పెద్దవాళ్లను వెనకేసుకు రావట్లేదు. శుద్ధి ప్లాంటు కట్టడం వేరు, కరెంటు బిల్లు చూసి ఆపేయకుండా రాత్రిళ్లూ నడపడం వేరు, పైగా వాళ్ల నీళ్లు ఎక్కువ కాబట్టి ఒక్క రాత్రి ఆపినా దెబ్బ గట్టిగానే తగులుతుంది.

అసలు ‘చిన్న’ అంటే ఏంటండీ? 2025 ఏప్రిల్ నుంచి చిన్న పరిశ్రమ పెట్టుబడి పరిమితి 10 కోట్ల నుంచి 25 కోట్లకు పెరిగింది. నిన్న మధ్య తరహా అన్నది ఇవాళ చిన్నదైపోయింది, దాని పైపులోంచి వచ్చే నీళ్లు మాత్రం అవే. అప్పులకీ రాయితీలకీ పెట్టిన కొలత అది, మురుక్కి కాదు.

రెండు గదుల షాపువాణ్ణి సొంత ప్లాంటు కట్టుకోమంటే కట్టలేడు, నోటీసిస్తే రాత్రిపూట డ్రైనేజీలోకి వదులుతాడు. చిన్న యూనిట్ల కోసం ఉమ్మడి శుద్ధి కేంద్రాల పథకం కేంద్రం 1991లోనే మొదలుపెట్టింది. ప్లేటింగ్, సర్వీసింగ్ షాపుల నీళ్లను ట్యాంకర్లతో ఎత్తి అలాంటి చోటికి చేర్చే ఏర్పాటు చేయించండి, ఖర్చు వదిలిన లీటర్లను బట్టి వసూలు చేయండి. పెద్ద కంపెనీల దగ్గర చెప్పకుండా, అర్ధరాత్రి శాంపిల్స్ తీయించండి. బందరు, ఏలూరు, రైవస్ కాల్వల్లో డ్రైన్లు కలిసే ప్రతిచోటా నెలనెలా పరీక్ష చేయించి, ఆ ఫలితాలు అక్కడే బోర్డు మీద తెలుగులో రాయించండి. కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది కదా, దూరం అనడానికి కూడా లేదు.

ఇట్లు
పటమట నుంచి ఒక పౌరుడు