మా అమ్మ సంతకం లేకుండా అర్జీ ఎలా మూసేస్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఉద్దానంలో ఒక పల్లె. మొన్న సోమవారం కూడా మా అమ్మ చీకటితోనే లేచి, పలాస వచ్చి బస్సెక్కి, శ్రీకాకుళం జిల్లా పరిషత్ హాల్లో అర్జీ పట్టుకుని లైన్లో నిలబడింది. అదే తోట, అదే అర్జీ, ఇది నాలుగోసారి. ప్రజా సమస్యల పరిష్కార వేదిక అని ఇప్పుడు పేరు, అంతకుముందు స్పందన, మా ఊళ్లో మాత్రం ఎవరినడిగినా గ్రీవెన్స్ అనే అంటారు.

రీసర్వే అయ్యాక మా జీడితోట 72 సెంట్లు కాస్తా రికార్డులో 64 అయింది. గట్టు జరగలేదు, చెట్లు జరగలేదు, కాగితం మీద ఎనిమిది సెంట్లు పోయాయి. ముందు మండలంలోనే అర్జీ ఇచ్చాం. మూడు వారాలకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. తోటలోకి ఎవరూ రాలేదు, కొలతలు తీయలేదు. 1100కి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఓపిగ్గా విని అర్జీని మళ్లీ తెరిపించింది, తీరా చూస్తే అది వెళ్లింది మొదట మూసేసిన ఆఫీసుకే. ఇంకో మెసేజ్ వచ్చింది, అదే మాట.

అప్పుడు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. మన రాష్ట్రంలో మండల ఆఫీసులో దానికి ఫీజు 5 రూపాయలే, గ్రామ స్థాయిలో అయితే అదీ లేదు, చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మా అర్జీ ఏం రాసి మూశారో ఆ కాపీ ఇవ్వమని అడిగాను. 26వ రోజున వచ్చింది. "అర్జీదారు సమక్షంలో క్షేత్ర పరిశీలన చేసి వివరించడమైనది" అని ఉంది. వాళ్లు వేసిన తేదీన అమ్మ విశాఖలో మా అక్క ఇంట్లో ఉంది. చదివి వినిపిస్తే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "నేను లేకుండానే నాకు చెప్పేశారా" అంది. ఆ మాటకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఒకే ఆఫీసు, ఆ మనుషులే, మరి అర్జీ కదలకుండా ఉండి ఆర్‌టీఐ జవాబు గడువు లోపల ఎలా వచ్చింది? 2005 నాటి ఆ చట్టంలో 30 రోజుల గడువుంది, కారణం లేకుండా దాటితే రోజుకి 250 రూపాయల చొప్పున 25 వేల దాకా ఆ అధికారి మీదే జరిమానా పడుతుంది. అర్జీ రసీదు మీదా గడువు ఉంటుంది గానీ, మెసేజ్ పంపి మూసేస్తే అది గడువులోగా పరిష్కరించినట్టే లెక్క. పైవాళ్లు ఎన్ని మూశారనే అడుగుతుంటే కిందివాళ్లు మూస్తూనే ఉంటారు, వాళ్లనొక్కళ్లనే తప్పుపట్టలేం.

సిబ్బంది లేరంటే నేను ఒప్పుకోను. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి, గ్రామ సర్వేయరు అనే పోస్టే ఉంది. వాళ్లని ఆ సర్వే, ఈ సర్వే అని రోజంతా ఇతర పనులకి తిప్పడం కూడా చూస్తున్నాం, అది వేరే సంగతి. కానీ ఒకటో తారీఖు పింఛను అదే సిబ్బంది ఇంటింటికీ తెచ్చి ఇస్తున్నారు కదా, ఎందుకంటే ఇవ్వకపోతే ఆ రోజే పైదాకా తెలుస్తుంది. 2025 జనవరిలో మొదలైన ప్రభుత్వ వాట్సాప్ సేవలతో సర్టిఫికెట్లు ఫోన్‌లోకే వస్తున్నాయి, మంచిదే, నేనూ వాడాను. గట్టు మీదికి మనిషి వచ్చి కొలవాల్సిన పని మాత్రం ఫోన్‌లో అవదు. హిరమండలం నుంచి మా ఉద్దానానికి పైపుల్లో మంచినీళ్లు తెచ్చిన ప్రభుత్వానికి ఒక సర్వేయరుని మా తోట దాకా పంపించడం కష్టమా?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. అర్జీ పెట్టిన మనిషి సంతకమో వేలిముద్రో, కనీసం ఓటీపీనో లేకుండా ఏ అర్జీనీ మూయకూడదు. తోటకి వచ్చామంటే అక్కడ అర్జీదారుతో కలిసి దిగిన ఫొటో జత చెయ్యాలి. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల టేబుల్ మీదికే అది తిరిగి వెళ్లకూడదు, రెండోసారి వచ్చిన అర్జీని డివిజన్ స్థాయిలో, ఆర్డీవో ఆఫీసువాళ్లు వచ్చి చూడాలి. ఆలస్యానికి జరిమానా అంటే ఉద్యోగులకి టెన్షన్ అంటారేమో, మధ్యప్రదేశ్‌లో 2010 నుంచే చట్టం ఉంది, రోజుకి 250 రూపాయలు, 5 వేల దాకా. కర్ణాటకలో సకాల చట్టం కింద రోజుకి 20 రూపాయల చొప్పున 500 దాకా దరఖాస్తుదారుకే ఇస్తారు. చిన్న మొత్తమే గానీ, ఆలస్యం ఎవరి వల్ల అయిందో ఒక పేరు బయటికి వస్తుంది కదా, నాకు కావలసింది అదే.

మండలంలోనూ సోమవారం అర్జీలు తీసుకుంటారు. అక్కడ సరిగ్గా చూస్తే ఇచ్ఛాపురం, కవిటి నుంచి వంద కిలోమీటర్లు దాటి జనం శ్రీకాకుళం ఎందుకు వస్తారండీ? మొన్న అమ్మ పక్కన నిలబడ్డాయన వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే మనిషట. మిగిలిన రోజుల్లో ఒకటి ఇలా లైన్లో గడిచింది. ఆయన పని అయిందో లేదో మాకు తెలియదు.

అమ్మకి ఈసారి ఇచ్చిన రసీదు నా దగ్గరే ఉంది. జీడిపిక్కలు ఏరే రోజులు, పొద్దున్నుంచి తోటలోనే ఉంటుంది. వచ్చి, కొలిచి, ఎంత ఉందో ఆమెకి చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్లమనండి.

ఇట్లు
ఒక పాఠకురాలు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా