ర్యాంకు తప్ప పిల్లల్ని ఇంకేమైనా అడుగుతున్నామా

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా, పక్కనే మీ పాతపట్నం. ఇక్కడి తెలుగు ఇళ్లల్లో చాలామంది పదో క్లాసు అవ్వగానే పిల్లల్ని వైజాగో విజయవాడో పంపి హాస్టల్ కాలేజీలో వేసేస్తున్నారు. అప్పటిదాకా ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవమంటే తడబడతారు, ఇక్కడేమో తెలుగోడన్నారు అక్కడికెళ్తే ఒడిశావోడంటున్నారు, పదహారేళ్ల పిల్లాడు ఇది ఎవరితో చెప్పుకుంటాడండి?

మా వీధిలో ఒక గుంటడు పండగ సెలవులకి వచ్చి ఇంక వెళ్లనన్నాడు. కడుపునొప్పి అన్నాడు, స్కానింగ్ తీయించారు, ఏమీ లేదన్నారు. వాళ్లమ్మ గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించింది, వాళ్ల నాన్న ఫీజు కట్టేశాం కదరా అని ఒకటే గోల. ఆ పిల్లాడు రాత్రంతా లైటు వేసుకుని కూర్చునేవాడు, ఎదురుగా కోడికూర పెట్టినా కెలికి వదిలేసేవాడు. దిగులు ఈ వయసులో కడుపునొప్పిగా తలనొప్పిగా కూడా బయటపడుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు, స్కూల్లో వాళ్లూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆదివారం ఫోన్లు వినండి ఒకసారి. వెనకాల క్యూ, పక్కనే వార్డెన్, ఉన్నది రెండు నిమిషాలు, మనం అడిగే మొదటి మాట వీకెండ్ టెస్టులో ఎంతొచ్చింది అని. తిన్నావా అని కూడా అడుగుతాం గానీ జవాబు వినేలోపే పక్కింటివాళ్ల అబ్బాయి ర్యాంకు చెప్తాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, అంటే ఒక్కో క్లాసులో ఎంతమందో మీరే చూసుకోండి. వైజాగ్‌లో నీట్‌కి చదువుతున్న అమ్మాయి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో గట్టిగానే చెప్పింది, వంద మంది గానీ ఆ పైన గానీ పిల్లలుంటే వాళ్ల మనసులో బాధ విని సలహా చెప్పే కౌన్సిలర్ ఉండాలి, మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టకూడదు, అందరి ముందూ అవమానించకూడదు అని. ఇది దేశమంతటికీ, ఒడిశా స్కూళ్లకీ వర్తిస్తుంది. కానీ మా వైపు ఏ స్కూల్లో ఉన్నాడండి కౌన్సిలర్? రేపు వేసినా తెలుగు రాని మనిషిని వేస్తే మా పిల్లలు ఏం విప్పి చెప్తారు, మనసులో బాధ ఇంట్లో మాట్లాడే భాషలోనే కదా వస్తుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండి ఇది. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో కనీసం జిల్లాకొకరైనా తెలుగు వచ్చిన కౌన్సిలర్ని వెయ్యాలని ఒడిశా విద్యాశాఖని అడుగుతున్నాను.

అంతవరకు 14416 ఉంది, టెలీమానస్ అని మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో సెంట్రల్ గవర్నమెంట్ పెట్టింది, డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. మా ఊళ్లో ఈ నంబరు తెలిసినవాళ్లు నాకు కనిపించలేదు, హాస్టల్ గోడల మీద కూడా చూడలేదు. రిజల్ట్స్ వచ్చిన రోజు మీ పేపర్లో పేజీల కొద్దీ ర్యాంకుల ఫోటోలు వస్తాయి కదా, ఆ పేజీల్లోనే పైన పెద్ద అక్షరాల్లో ఈ నంబరు వెయ్యండి సార్.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తండ్రి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా