ఆవకాయ కత్తిపీటని ఆయుధం అని ఆపేశారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

రాజమండ్రి నుంచి మా అత్తయ్య వేసిన పార్సిల్ మే 12న కూకట్‌పల్లిలో మీ హబ్‌కి వచ్చింది, ఇవాళ 19, ఇంకా నా చేతికి రాలేదు. యాప్‌లో చూస్తే "ఆయుధం, డెలివరీ కుదరదు" అని ఉంది. అందులో ఉన్నది ఆవకాయ కత్తిపీట అండీ. వేపచెక్క పీట, దానికి బోల్టుతో బిగించిన బ్లేడు, పైన పిడి, కాయ పెట్టి ఒక్క నొక్కు నొక్కితే టెంకతో సహా రెండు చెక్కలవుద్ది. దాంతో ఎవరి మీదకైనా వెళ్ళాలంటే ముందు ఆరు కిలోల పీట మొయ్యాలి, ఆ తూకం మీరే వేసి డబ్బులు తీసుకున్నారు.

హబ్‌కి వెళ్తే మీ అబ్బాయి టేపు పెట్టి కొలిచాడు, పదకొండు అంగుళాలు, "తొమ్మిది దాటితే ఆయుధమే మేడమ్" అన్నాడు. సగమే చదివాడు పాపం. 2016 ఆయుధాల రూల్స్‌లో కత్తులు, బాకులు, బల్లేలతో పాటు 9 అంగుళాల కంటే పొడుగు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు అని ఉన్న మాట నిజమే, కానీ ఇంటి పనికి, వ్యవసాయానికి, సైన్సుకి, పరిశ్రమలకి తయారుచేసినవి కాకుండా అని అక్కడే ఉంది కదా. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2 కూడా వస్తువుని దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా చేశారా అనే చూస్తుంది, ఇంటికీ పొలానికీ మాత్రమే చేసినవాటిని వదిలేస్తుంది. టేపుతోనే తేలిపోయేదైతే కొబ్బరిబొండాలు కొట్టేవాళ్ళంతా ఈపాటికి లోపలుండాలి. కూరగాయల కత్తితో ఎవరినైనా బెదిరిస్తే కేసవ్వదని నేనట్లేదు, అది వేరే సంగతి.

మీకు సొంత రూల్ ఉంటే బుకింగ్ అప్పుడే చెప్పాలి, రసీదు మీద "మామిడికాయ కత్తిపీట" అని రాసింది మీవాళ్ళే.

ఈలోపు ఎర్రగడ్డ రైతుబజార్‌లో కొన్న 40 కిలోల కాయ పసుపు తిరిగి మెత్తబడింది. "అక్కడే కొట్టించుకోవచ్చు కదా" అని మీ కాల్ సెంటర్ సలహా ఒకటి! టెంక లేని ముక్కలు వస్తే నా పచ్చళ్ళ కస్టమర్లకి మీరు సమాధానం చెప్తారా?

కత్తిపీట, కొరియర్ చార్జీ 640, కాయల డబ్బు 2,400 ఇప్పించండి, లేకపోతే 1915కి ఫోన్ చేసి కన్స్యూమర్ కంప్లైంట్ పెడతా. అత్తయ్య బ్లేడుకి నూనె రాసి పాత చీరగుడ్డ చుట్టింది, మీవాళ్ళు విప్పేశారు, మళ్ళీ చుట్టి పంపండి, తుప్పు పట్టుద్ది.