ఇయర్ ప్లగ్గులు చవకేనా?

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం అందింది. చంటిదానికి విజయవాడలోనే సీటొచ్చిందని తెలిసి ఇంట్లో అందరం సంతోషించాం. హాస్టలు బెంగ తప్పింది చెల్లెమ్మకి. ఇక నువ్వడిగిన సంగతికొస్తాను.

మీ షెడ్డులో రేకు కోసే పెద్ద ప్రెస్సు చుట్టూ గది కట్టించి మోత తగ్గించాలంటే మూడున్నర లక్షలు అడుగుతున్నారు, చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్గులైతే జత 8 రూపాయలు, ఇందులో ఆలోచించేదేముంది అని రాశావు. చాలా ఉందిరా. నీ లెక్కే తీసుకో. 26 మందికి రోజుకో జత, ఏడాదికి 300 పనిరోజులు. 62,400 అయింది. మనిషికి ఏడాదికోసారి చెవి పరీక్ష, నువ్వు రాసిన 400 చొప్పునే, 10,400. రెండూ కలిపితే 73 వేలకు కాస్త తక్కువ. ఐదేళ్లలో ఆ మూడున్నర లక్షలూ దాటిపోతుంది, ఆరో ఏడు మళ్లీ మొదలు. గదికి ఒక్కసారే పెడతావు. మూడున్నర లక్షలు ఒకేసారి తియ్యడం చిన్న షెడ్డుకి కష్టమే, కాదనను. కానీ చవక అన్న మాట మాత్రం అంత తేలిగ్గా అనకు.

డబ్బు సంగతి పక్కన పెట్టు. ప్లగ్గు ఎంత మోత ఆపుతుందో డబ్బా మీద 29 డెసిబెళ్లు అని ఉంటుంది చూడు (మోతను కొలిచేది డెసిబెళ్లలోనే), అది ప్రయోగశాలలో, దగ్గరుండి సరిగ్గా పెట్టించి కొలిచిన అంకె. మోత తగ్గించే ఏర్పాటుతో పోల్చేటప్పుడు అమెరికాలో ఓషా వాళ్లు (పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) అందులోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తారు. అంటే నీ 29 కాస్తా 11కి దిగింది. ఎందుకంత తగ్గిస్తారో మీ షెడ్డులో ఒక పూట నిలబడి చూస్తే తెలుస్తుంది. ఆ ఫోమును వేళ్ల మధ్య సన్నగా చుట్టాలి, రెండో చెయ్యి తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి, లోపలికి తోసి అది ఉబ్బేదాకా ఒక అర నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. నూనె చేతులతో, ప్రెస్సు కొడుతూ, ఎవడు చేస్తాడ్రా ఇదంతా? చెవి అంచున ఇరికించి వదిలేస్తారు. మేస్త్రి ఏదో చెప్పబోతే తీసి జేబులో వేసుకుంటారు.

ఆ తీసిన కాసేపే కొంప ముంచుతుంది. ప్లగ్గు నిజంగానే 30 డెసిబెళ్లు ఆపేదనుకో. 8 గంటల్లో ఒక్క గంట తీసి ఉంచితే, రోజు మొత్తానికి దక్కే రక్షణ 9 దగ్గర ఆగిపోతుంది. సగం రోజు తీసేస్తే 3. డెసిబెల్ లెక్క అలాంటిది, 3 పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు.

మీ ఫోను ప్రెస్సు దగ్గర 97 చూపించిందన్నావు. ఫోను అంకెను పూర్తిగా నమ్మకు, అసలు మీటరు తెప్పించు. అయినా 97 అనే అనుకుందాం. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటలకు 90 పరిమితి, 97కి 3 గంటలు. అమెరికాలో ఈ విషయం మీద పరిశోధన చేసే నయోష్ వాళ్లు 85 దగ్గర మొదలుపెట్టి లెక్క కడతారు, వాళ్ల ప్రకారం 97లో అరగంటే. మీవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటున్నారు కదా.

మీ షెడ్డులో పనిచేసే నూకరాజు బాబాయి గురించి రాశావు, 'వినపడుతుంది గానీ అర్థం కావట్లేదు' అంటున్నాడని. నాకు అది చదవగానే మనసు పాడైంది. మోత వల్ల వచ్చే చెవుడు సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నగా కీచుమనే శబ్దాల దగ్గర మొదలవుతుంది. గొంతు వినపడుతుంది, స, త, క లాంటి అక్షరాలు జారిపోతాయి. లోపలి చెవిలో సన్నటి రోమ కణాలుంటాయి, పోతే మళ్లీ మొలవవు. చెవి మిషను పెట్టుకున్నా శబ్దం పెరుగుతుంది తప్ప పాత స్పష్టత రాదు. ఇది వృత్తి రోగాల జాబితాలో ఉంది, పరిహారం కట్టాల్సిన జబ్బు. నీ లెక్కలో ఆ గడి ఖాళీగా ఉంది.

ఈ తగువు అమెరికాలోనూ నడిచింది. అక్కడి నిబంధన ప్రకారం ముందు యంత్రం మోత తగ్గించాలి. కానీ 1983 నుంచి అమలులో ఒక వెసులుబాటు ఇచ్చారు: 100 డెసిబెళ్ల లోపు మోతకు, ప్లగ్గులు, పరీక్షల కార్యక్రమం చవకైతే అదే చాలని. 2010 అక్టోబరులో దాన్ని మార్చి, చేయగలిగినదైతే, దాంతో కంపెనీ మూతపడే పరిస్థితి లేకపోతే, మోత తగ్గించి తీరాలి అనబోయారు. యజమానుల సంఘాలు ఖర్చు మోయలేమని గట్టిగా అడ్డుపడ్డాయి, 2011 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. నా మట్టుకు అది తప్పు నిర్ణయమే. భారం యంత్రం మీది నుంచి తీసి మనిషి చెవి మీద పెట్టడమే అది.

అలాగని గది కట్టించమని చెప్పట్లేదు. రేకు అందించడానికి, ముక్క తియ్యడానికి తలుపులు తెరిచి పెడితే సగం ఫలితం పోతుంది, లోపల వేడి. ముందు చవక పనులు చూడు. ముక్కను ఎగరగొట్టడానికి ఉత్త గొట్టంతో గాలి కొడుతున్నారు కదా, కీచుమనేది ప్రధానంగా అదే. మోత తగ్గించే నాజిల్ బిగించు. గాలి ఖర్చు తగ్గుతుంది, కంప్రెసర్ కరెంటు బిల్లు తగ్గుతుంది, నాజిల్ డబ్బు అక్కడే వచ్చేస్తుంది. ప్రెస్సు క్లచ్ లోంచి గాలి బయటికి వదిలే ఎగ్జాస్టుకి సైలెన్సర్ పెట్టు. ముక్కలు పడే ఇనప తొట్టె లోపల మందపాటి రబ్బరు షీటు అతికించు. రేకును తెంపే పంచ్ మొహం ఫ్లాటుగా ఉంటే రేకంతా ఒక్కసారే తెగి ఢామ్మంటుంది, కొంచెం వాలు ఇచ్చి గ్రైండింగ్ చేయిస్తే తెగడం క్రమంగా జరుగుతుంది, కింద ఉండే అచ్చు, అదే డైకి కూడా మంచిది. ఏది ముందంటే, అన్నిటికన్నా ఎక్కువ మోత చేసేది. దాన్ని వదిలేసి పక్కవాటిని ఎంత తగ్గించినా మీటరు ముల్లు కదలదు.

ఇవన్నీ చేశాక మళ్లీ కొలిచి, మిగిలిన మోతకు ప్లగ్గులు ఇవ్వు. తప్పకుండా ఇవ్వు. కానీ 97కి ఇచ్చే ప్లగ్గు వేరు, 88కి ఇచ్చే ప్లగ్గు వేరురా. రెండో చోట కాస్త వదులైనా అంత ప్రమాదం ఉండదు. కొత్త ప్రెస్సు కొనాలంటున్నావుగా, ఆర్డరులోనే ఎన్ని డెసిబెళ్లో రాయించుకో. కొన్నాక తగ్గించాలంటే ఖర్చు ఎక్కువ.

దసరా సెలవుల్లో వస్తాను, పంచ్ సంగతి ఇద్దరం కూర్చుని చూద్దాం. నూకరాజు బాబాయి పరీక్ష మాత్రం అప్పటిదాకా ఆపకు. ముందు 14 గంటలైనా మోతలో లేకుండా ఉండాలి, లేకపోతే అంకెలు తప్పుగా వస్తాయి. ఆదివారం సెలవేగా, సోమవారం పొద్దున్నే షెడ్డుకి రానివ్వకుండా నేరుగా పంపించు. ఆ రోజు కూలి కోయకు.

అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పు.

నీ
మూర్తి